మిన్‌కు బట్టలు

ముదినేపల్లి,
ఆదివారం.

తిమోతీ,

వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. నాకు మాత్రం మూడు రోజులుగా ఏ పని మీదా మనసు నిలవడం లేదు. ఫోన్లో నోరు పెగలక, కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను.

నాన్నగారి జ్ఞాపకార్థ కూడికకు మిన్ లేకుండా నువ్వు ఒక్కడివే వస్తే మంచిది. అతనంటే నాకు కోపం లేదు. వియత్నాంలో మీరిద్దరూ కలిసి బజారుకెళ్ళినా ఎవరూ ఏమీ అనరని, చట్టం పెళ్ళిగా ఒప్పుకోకపోయినా ఇంటి ఓనరమ్మ మీ ఇద్దర్నీ కలిపే భోజనానికి పిలుస్తుందని చెప్పావు. ఇది ముదినేపల్లి. చెరువు గట్టు మీద ఎవడైనా మీ మీద చెయ్యి చేసుకుంటే నేనేం చెయ్యను? పాస్టరుగారు అడిగితే ఏం చెప్పను?

పండక్కి నిన్ను తేకుండా కొడుకును ఒంటరిగా రమ్మన్నాడని మిన్ వాళ్ళ నాన్న మీద ఆ రోజు నేనే మండిపడ్డాను. ఇప్పుడు నేనూ అదే అడుగుతున్నాను.

అమ్మకు మిన్ గురించి "తమ్ముడి స్నేహితుడు" అనే చెప్పాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తలేదు.

"స్నేహితుడైతే భోజనం పెట్టి పంపుదుం. ఆరేళ్ళుగా వాడితో ఒకే ఇంట్లో ఉంటున్న మనిషికి బట్టలు పెట్టాలమ్మా. కూడికలో మీ ఆయన పక్కనే నిలబెట్టి పెడతాను" అంది.

సంఘమంతా చూస్తుందన్నాను.

"చూడనియ్యి. చూడాలనేగా అందరి ముందూ పెట్టేది" అంది.

నా భయం పోలేదు. ఒక్కడివే రమ్మన్న మాట కొట్టెయ్యలేదు, పైన అలాగే ఉంది. కానీ అమ్మ రేపు పొద్దున్నే గుడివాడ బట్టల కొట్టుకు బయల్దేరుతోంది. మిన్ షర్టు సైజు వెంటనే పంపు.

అక్క