నల్లరాతి మీద గుమ్మం

గోమా,
9 మార్చి 2003.

నా సహధర్మచారిణి నబింటుకు,

ముర్హులా గౌరవపూర్వకంగా వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. కిగాలీలో నువ్వు, పాప, మీ అక్కగారు క్షేమమని తలుస్తాను. అగ్నికొండ పొంగాక గడిచిన ఈ పద్నాలుగు నెలల్లో ఇది నా మూడవ ఉత్తరం. మొదటి రెంటికీ జవాబు రాలేదన్నది ఫిర్యాదు కాదు, సమాచారం మాత్రమే.

ఇల్లు తిరిగి కట్టించాను. గట్టిపడిన లావాను పగలగొట్టించి, ఆ రాళ్లతోనే గోడలు లేపాను. రేకులు కూడా పడ్డాయి. కనుక ఇల్లు లేదన్న కారణం ఇకమీదట వర్తించదు.

ఈ వారం ఐదవ తరగతికి ఖండాలు, అగ్నిపర్వతాలు, భూకంపాలు బోధించాను. పటం లావా పాలైంది కాబట్టి వండిన బుగాలీ పిండిముద్ద తెచ్చి, రెండు చేతులతో మెల్లగా సాగదీసి పగులు చూపించాను. ఆఫ్రికా ఇలాగే చీలుతోందనీ, మన సరస్సు ఆ పగుల్లోనే నిలిచిందనీ, నేల అందుకే అదురుతుందనీ వివరించాను. కవీరా అనే పిల్ల లేచి, అయితే మాస్టారూ, అమ్మగారు ఆ ముక్క మీదా మీరు ఈ ముక్క మీదానా, మధ్యలోకి సముద్రం వచ్చేస్తుందా అని అడిగింది. వస్తుంది గాని లక్షల ఏళ్లు పడుతుందన్నాను. అమ్మయ్య, ఇంకా బోలెడు టైముంది, వెళ్లి తెచ్చేసుకోండి అంది! తరగతంతా బల్లలు చరిచి నవ్వింది. వాళ్లను మందలించేలోగా వెనక బల్లవాళ్లు ఆఫ్రికాను తినేశారు.

కొండ పొంగిన ఆ రోజు సంగతి. లావా ఉత్తరానికే పోతుంది, పుస్తకంలో ఉంది అని నేనన్నాను. ఆ పుస్తకం కొండ చదివిందా అంటూ నువ్వు పాపను వీపున కట్టుకుని నడిచావు. ఇప్పుడు పిల్లలకు ఒక మాట అదనంగా చెబుతున్నాను: నేల వేడెక్కితే మాస్టారి మాట కోసం ఆగకండి, అమ్మ చెయ్యి పట్టుకుని నడవండి అని. అది పాఠ్యపుస్తకంలో లేదు.

పాపకు మూడో ఏడు వచ్చి ఉంటుంది. నాన్న అనే మాట ఎవరిని చూసి నేర్చుకుంటోందో తెలియదు.

ఇట్లు,
నీ భర్త,
ముర్హులా,
ఐదవ తరగతి ఉపాధ్యాయుడు, డిప్లొమా.

తా.క.: ఇల్లు కట్టలేదు. రాళ్లు కొట్టించిన మాట ఒక్కటే నిజం. ఇళ్ల స్థలాలకు మళ్లీ హద్దులు వేసిన రోజున వీధివాళ్లంతా తమ గుమ్మం ఎక్కడుండేదో లావా మీద అక్కడికి వెళ్లి నిలబడ్డారు. ఇరుగుపొరుగు ఔనంటే సున్నంతో గీత గీశారు. నేను టేపుతో కొలిచి, దిక్సూచి చూసుకుని నిలబడ్డాను. పక్కింటావిడ మామా మ్వామిని కడుపు పట్టుకుని నవ్వింది. మాస్టారూ, మీరు నిలబడ్డది నా పొయ్యి మీద, జరగండి, కాళ్లు కాలగలవు అంది. మూడుసార్లు జరిగాను. మూడూ తప్పే. మీరే చూపించండని ఆవిడను అడిగితే, మీ గుమ్మం నేను చూపిస్తే రేపు తగువు, మీ ఆవిడను పిలవండి అంది. నేను పొద్దున్నే బడికి, సాయంత్రం అటునుంచటే రాత్రి బడికి పోయేవాణ్ణి. ఏళ్ల తరబడి మన ఇంటిని వెలుగులో చూసింది నువ్వే. వీధిలో గీత లేనిది మన చోటొక్కటే. ఒక్క పూటకైనా వచ్చి నిలబడు, నబింటూ. నీకు ఏ పక్కన నిలబడాలో చెప్పు. అక్కడ నిలబడతాను.