బస్టాప్‌లో పదకొండు నిమిషాలు

మన్సూరాబాద్,
9 నవంబరు 2025, ఆదివారం,
మధ్యాహ్నం రెండూ నలభై.

ఇవాళ అయిన పనులు: నల్లా నీళ్ళు రెండు డ్రమ్ములు పట్టాను. దుప్పట్లు నాలుగు ఉతికి ఆరేశాను. ఇడ్లీకి పప్పు నానబెట్టాను. వంట ఒక పూటకే చేశాను, మీ బావ వనస్థలిపురంలో ఏదో ఫంక్షన్ అని పొద్దున్నే పోయారు. మిగిలింది నీ పని ఒక్కటే.

తమ్ముడు సతీష్‌కు,

అక్క దీవెనలు. ఇక్కడ మేము బాగానే ఉన్నాం. నువ్వెట్లా ఉన్నావని అడగను. శుక్రవారం నుంచి సరిగా తినడం లేదని, ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నావని మరదలు శ్రీకళ చెప్పింది. తను ఆరింటికి వచ్చి ఈ ఉత్తరం తీసుకుపోతానంది. ఎనిమిదింటికల్లా నువ్వు జవాబు చెప్పాలి కాబట్టి తొందరగానే రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు గానీ నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నా లెక్క తప్పుతుంది.

నాకు అర్థమైంది సరిగా ఉందో లేదో ముందు చూసుకో. నీ సినిమా రెండు గంటల యాభై ఏడు నిమిషాలు. ఆ నిడివితో హాలులో రోజుకు నాలుగు ఆటలకు మించి పడవు. ఇరవై రెండు నిమిషాలు తీసేస్తే ఐదు ఆటలు పడతాయి. అట్లయితేనే రెండో వారం ఉంచుతానని, లేకపోతే రేపటి నుంచి ఒక్క ఆటకు తగ్గిస్తానని డిస్ట్రిబ్యూటర్ కమలాకర్ అన్నాడు. ఐదేళ్ళు తిరిగి తీసిన మొదటి సినిమా మొదటి వారంలోనే పోతే రెండోది నీకు ఎవరూ ఇవ్వరు. ఏది కోయాలో తేలక, మా అక్క హాలులో కూసొని చూసి చెప్తది, ఆమె ఏది చెప్తే అది కోస్తా అని అతని ముందు మాటిచ్చావు. మీ అక్క సెన్సార్ బోర్డులో ఎప్పుడు చేరిందని అతను నవ్వాడట. నవ్వి ఒప్పుకున్నాడు. అంతవరకు మంచిదే.

శుక్రవారం మ్యాట్నీ దిల్‌సుఖ్‌నగర్‌లో చూశాను. శనివారం సాయంత్రం ఆట ఎల్బీనగర్ మాల్‌లో చూశాను. రెండు చోట్లా చివరి వరుసే అడిగి తీసుకున్నాను, ముందున్న వాళ్ళ చేతుల్లో ఫోను వెలిగితే అక్కడి నుంచే బాగా కనబడుతుంది. చీకట్లో రాసుకోలేను కాబట్టి సంచిలో చింతగింజలు తీసుకుపోయాను. ఫోను వెలిగినప్పుడల్లా ఒక గింజ ఒళ్ళో వేసుకున్నాను. సీను మారగానే గింజలు లెక్కబెట్టి కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. పక్కసీటు ఆవిడ చూసీ చూసీ, అక్కా, ఏమన్న మొక్కున్నదా అని అడిగింది. ఉన్నదన్నాను.

ఫోన్లన్నీ ఒకటి కావు. హీరో వచ్చేటప్పటి ఫైటులో అరవైకి పైగా వెలిగాయి, కానీ అవి తెర వైపు ఎత్తి పట్టినవి, స్టేటస్ పెట్టుకోవడానికి. వాటిని లెక్కలోకి తీసుకోలేదు. తల వంచి చూసుకునే ఫోన్లే విసుగు కింద రాశాను.

రెండు ఆటలూ కలిపి తేలింది ఇది. సెకండాఫ్‌లో పాట, నాలుగు నిమిషాలు: ముప్పై ఎనిమిది ఫోన్లు, బయటికి పోయినవాళ్ళు వేరే. పోలీస్ స్టేషన్‌లో చెప్పిందే మళ్ళీ చెప్పే సీను, ఏడు నిమిషాలు: ఇరవై తొమ్మిది. బస్టాప్‌లో ఆవిడ సంచి పట్టుకుని ఒక్కతే కూర్చునే సీను, పదకొండు నిమిషాలు: నలభై ఒకటి. పెళ్ళిలో కామెడీ ట్రాక్, అదీ పదకొండు నిమిషాలే: మూడు.

నాలుగూ ఏడూ పదకొండూ, సరిగ్గా ఇరవై రెండు. పాట, స్టేషను, బస్టాపు తీసెయ్.

బస్టాప్ సీను నీకు ఇష్టమని తెలుసు. కానీ చూసేవాళ్ళకు ఏముంది అందులో? మాట లేదు, మ్యూజిక్ లేదు. బస్సులు వస్తాయి, పోతాయి. ఆవిడ లేవదు. చివరికి ఇంటికి వచ్చి అన్నం వండుతుంది, ఇంట్లో ఒక్కరికీ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పిల్లగాడు, అమ్మా, ఎక్కుతవా ఎక్కవా, నాకు మెట్రో టైమైతుంది అని గట్టిగా అరిచాడు. హాలంతా నవ్వింది. ఇప్పటివాళ్ళు రీలు అర నిమిషం దాటితే వేలితో తోసేస్తారు, పదకొండు నిమిషాలు ఎవరు ఓర్చుకుంటారు? ఇవాళే తీసెయ్. రేపటి ఆటల్లో అది ఉండకూడదు. మీ బావ మంగళవారం చూస్తానన్నారు, ఆయన కూడా కోసిన సినిమానే చూస్తారు, హాయిగా ఉంటుంది.

ఇంతకంటే రాయడానికి లేదు. వేళకు తిను.

నీ క్షేమం కోరే అక్క,
ఉదయలక్ష్మి.

ఇది రాయడం మరిచాను కాదు, దాచాను:

ఇప్పుడు టైము నాలుగూ యాభై. పై కాగితాలు చింపేసి మళ్ళీ రాయొచ్చు. కానీ పద్దులో తప్పు పడితే నేను పేజీ చింపను, కింద సరిచేసి రాస్తాను. కాబట్టి పైది కూడా చదువు.

బస్టాప్ కింద రాసిన నలభై ఒకటి కామెడీ ట్రాక్‌ది. కామెడీ కింద రాసిన మూడు బస్టాప్‌ది. నేనే అటుదిటు వేశాను. ఆ మూడింట్లో ఒకటి దానంతటది మోగింది, ఆ మనిషి ఎవరని కూడా చూడకుండా ఆపేశాడు. మెట్రో మాట ఎవరూ అనలేదు, నేను అల్లాను. నిజంగా జరిగింది చెప్తాను. ఇంటర్వెల్ అయిపోయాక ఒకాయన సమోసాలు పట్టుకుని ఆలస్యంగా లోపలికి వచ్చాడు. మెట్ల మీద అట్లే ఆగిపోయి ఆ పదకొండు నిమిషాలూ నిలబడే చూశాడు. వెనక నుంచి కూసో అన్నా అని ఒక్కరూ అనలేదు. ఆవిడ ఇంటికి వచ్చి స్టవ్ వెలిగించాకనే సీట్లోకి పోయాడు.

ఎందుకు అబద్ధం రాశానో నీకు నేను చెప్పాలా? పద్నాలుగేళ్ళ కింద ఎల్బీనగర్ చౌరస్తాలో సంచితో కూర్చున్నది నేను. అంగన్‌వాడీ టీచరుగా నాకు ఆర్డరు వస్తే, మీ బావ నన్ను ఒక్క మాట అడగకుండా ఆఫీసుకు పోయి, మా ఇంటామె చెయ్యదు అని చెప్పి వచ్చారు. ఆ రోజు నాలుగు గంటలు విజయవాడ బస్సులు చూశాను. నా ఫోను అందుకుని నువ్వు వచ్చావు, ఎక్కమనలేదు, వద్దనలేదు, పక్కన కూర్చున్నావు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశావు. శుక్రవారం తెర మీద ఆ సంచి చూడగానే ఆ చౌరస్తా గుర్తుకొచ్చింది. ఆయన చూస్తే ఏమవుతుందో అన్న భయం తప్ప నాకింకేం తోచలేదు.

ఆయన చూశారు. ఫంక్షన్ లేదు, ఏం లేదు. పక్కింటి భిక్షపతి అన్నను వెంటబెట్టుకుని బామ్మర్ది సినిమా అని పదకొండు గంటల ఆటకు పోయారట. నేను సంతకం పెట్టి కలం మూస్తుంటే లోపలికి వచ్చారు. వచ్చీ రావడంతోనే, ఏందే గంత పొడుగు తీసిండు మీ తమ్ముడు, కామెడీ కాడ భిక్షపతి గుర్రు పెట్టిండు, జర కొయ్యమను అన్నారు. నవ్వాను. అప్పుడు చెప్పుల దగ్గరే నిలబడి, గా బస్టాప్ మాత్రం ముట్టుకోవద్దను, ఆమె గంతసేపు కూసుంటే ఇంట్ల ఒక్కడన్న ఎందుకు అడగలే, ఏం మనుషులు వాళ్ళు అన్నారు.

చెప్పకుండా ఉండొచ్చు, సతీష్. ఆయనకు అనుమానం లేదు. ఉత్తరం నా చేతిలోనే ఉంది. అయినా నోరు ఆగలేదు. అది నేనే అన్నాను.

పరాచికం అనుకున్నారు. నా మొహం చూసి కుర్చీ లాక్కున్నారు. ఎప్పుడన్నారు. చెప్పాను. ఎందుకన్నారు. ఆర్డరు సంగతి చెప్పాను. గా దినం నేను ఇంట్లనే ఉన్ననా అని అడిగారు. ఉన్నరు, పప్పుల ఉప్పు తక్కువైందన్నరు అని చెప్పాను. మరి నేను అడగలేదా అన్నారు. లేదు అన్నాను. లేచి గేటు బయట స్కూటర్ మీద కూర్చున్నారు. తాళంచెవి చేతిలోనే ఉంది, స్టార్ట్ చేయలేదు. కిటికీలోంచి కనబడుతున్నారు. లోపలికి వచ్చి ఏమంటారో తెలియదు. నాకు భయంగానే ఉంది, కానీ మొన్నటి భయం కాదు.

నీ మీద కోపం కూడా ఉంది. నన్ను అడగకుండా నా తరఫున వద్దన్నది ఆయన, నన్ను అడగకుండా నన్ను తెర మీద పెట్టింది నువ్వు. ఆ సంగతి తీరిగ్గా మాట్లాడతాను, తప్పించుకోలేవు. అది వేరు, ఇది వేరు.

పాట, స్టేషను, కామెడీ తీసెయ్. నాలుగూ ఏడూ పదకొండూ, ఇరవై రెండే. కామెడీ ట్రాక్ కమలాకర్ పట్టుబట్టి పెట్టించిందని నాకు తెలుసు, ఎగురుతాడు. ఎగరనీ. ఈ కాగితం ముందు పెట్టు. సరిపోకపోతే నాకు ఫోన్ చెయ్, ఆటో ఎక్కి వస్తాను. ఆ బస్టాప్‌లో కూర్చున్నది నేనే అని అతని మొహం మీదే చెప్తాను. ఆయనకే చెప్పినదాన్ని, కమలాకర్‌కు చెప్పలేనా?

శ్రీకళ గల్లీ మొగదలకు వచ్చానని ఫోన్ చేసింది. తొందరగానే వచ్చింది, మంచిదైంది.

నీకు నేను పడ్డ బాకీ: ఒక సరైన లెక్క. ఇవాళ సాయంత్రం ఐదూ పదికి చెల్లు.