సులేమాను ఘడియ

ఫద్ల్ అన్నయ్యకు సలాం.

నీ ఫోను కలవక మనిషి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. మీ ఆసుపత్రిలో పరీక్షిస్తున్న నానో మందు పట్టీ బుగ్గ లోపల అంటించుకుంటే మా ఆయన ముక్బిల్ నడుము నొప్పి రోజంతా ఆగుతోంది. అది ఉండగా హుషారు కోసం ఖాత్ ఆకు నమలొద్దని, ఆ ఆకు ముద్దకి ఒరిసిపోయిన బుగ్గలోంచి రోజు మందంతా ఒక్కసారే నెత్తురులోకి దిగుతుందని నువ్వు చెప్పింది ఆయనకు చెప్పాను. "మీ అన్నకి ఆకు రుచేం తెలుసే!" అని నవ్వేశాడు.

ఈ మధ్యాహ్నం మగవాళ్ళ గదిలో ముక్బిల్‌తో కలిపి ఐదుగురు ఆకు నములుతూ కూర్చున్నారు. ఇంతలో మరిది సర్హాన్ కేకేశాడు.

"వదినా, ఆ సుఖమంతా మా అన్న ఒక్కడికేనా? మా నడుములేమైనా ఇనుపవా? ఆ డబ్బా ఇలా ఇయ్యి!"

అతిథుల ముందు కాదంటే ఇంటి పరువేం కావాలి? తలుపు సందులోంచి నేనే అందించాను.

పొద్దు వాలేసరికి లోపల మాటలు ఆగిపోయాయి. ఆకు నమిలిన వాళ్ళు ఆ వేళకి మౌనంగా కూర్చోవడం మామూలే కదా. సులేమాను ఘడియ అనే ఆ మౌనం వేళలో ఆడవాళ్ళం తలుపు తట్టకూడదని అమ్మ నేర్పింది. అందుకే గుమ్మం బయట కూర్చుని ఇది రాస్తున్నాను.

మసీదులో మగ్రిబ్ బాంగు అయిపోయింది. నమాజుకి ఒక్కరూ లేవలేదు. దీపం పెట్టమని ఎవరూ అడగలేదు. రెండుసార్లు ముక్బిల్‌ని పేరు పెట్టి పిలిచాను.

ఆ మందుకి విరుగుడుంటే తీసుకుని వెంటనే రా. ఐదుగురికీ సరిపడా తీసుకురా.

తలుపు ఇంకా తియ్యలేదు.

నీ చెల్లెలు