రెండు పూతల కింది సున్న

తొర్రూరు, 2-2-2010
పెయింటర్ రాంజీ తాతకు, గోపాల్ నమస్కారాలు.
మా వీడియో గేముల దుకాణం బోర్డు మళ్లీ రాయాలి. ఆట మిషన్ కంపెనీ గుర్తును రెండోసారి మార్చింది. మొదట నాలుగు రంగుల సున్న, తర్వాత ఒట్టి నీలం అక్షరాలు, ఇప్పుడు సన్నని నల్లవి. కొత్త గుర్తున్న డబ్బా అట్ట కత్తిరించి పంపుతున్న.
మొన్న ఉద్యమం పిల్లలు బోర్డు మీది "ఆంధ్రా"ను గీకిండ్రు. అడుగున పాత సున్న బయటపడ్డది. బజారంతా నిలబడి చూస్తున్నది.
ఇట్లు, గోపాల్
మరిచిన: అది ఎవరు రాసిండ్రు? మూలకు నీ పేరు లేదు. నీ చెయ్యి అంత సాఫ్‌గ ఉండదు గద!

మొగుళ్లపల్లి, 6-2-2010
గోపాల్ సేటుకు దండాలు.
నేను రాయలేదు. ఆ సున్న రాసిన నెల జ్వరంతో వరంగల్ దవాఖానలో ఉన్న. కాలం చేసిన మీ నాయిన ఆ పని ఎవరికో ఇచ్చిండు. ఎవరికని అడగలేదు. సిగ్గయింది.
అట్ట అందింది. వస్త.
రాంజీ
ఆ సున్నను కూడా గీకెయ్. లేకుంటే తుప్పు పడుతది.

తొర్రూరు, 10-2-2010
తాతా, దండాలు.
తుప్పు లేదు, ఏం లేదు. వెంకట్రాం పెయింటర్ వచ్చి "గది నేనే రాసిన" అంటున్నడు. పిల్లలు చాయ్ తాగిస్తున్నరు. కొత్త గుర్తు పని కూడా ఆయనకే ఇయ్యమంటున్నరు.
గోపాల్
నీలం అక్షరాలు నువ్వే రాసినవ్ గద, సున్న మీద రంగు అంత మందంగ ఎందుకు పూసినవ్? గీకినోళ్ల చేతులు బొబ్బలెక్కినయి.

మొగుళ్లపల్లి, 14-2-2010
సేటూ, దండాలు.
వెంకట్రాం సున్న రాస్తే వంకాయ అయితది. నీ ముందర ఒకటి రాయించు.
నలభై ఏండ్లు రాసిన. అసొంటి సున్న నాకు రాలే. నాడే చూసి కుళ్లుకున్న. అందుకే నీలానికి ముందు రెండు పూతలు ఎక్కువేసిన.
రాంజీ
ఇది ఎవరికీ చూపకు. మా ఇంటామె సక్రికి మాత్రం చదివి వినిపించిన. నవ్వుతున్నది. ఎందుకో చెప్పదు.

తొర్రూరు, 18-2-2010
తాతా,
నువ్వన్నట్టే వంకాయ వచ్చింది. వెంకట్రాం చాయ్ సగంల విడిచి పోయిండు. మరి ఎవరు? సున్న అంచుకు దారం కుట్టినట్టు చిన్న చిన్న గీతలున్నయి. ఏ పెయింటర్ గట్ల రాస్తడు?
నీ గోపాల్

మొగుళ్లపల్లి, 22-2-2010
సేటూ, దండాలు.
మనిషి దొరికింది. నేను దవాఖానలో ఉంటే పని చెయ్యి జారుతదని మా సక్రి రాసిందట. దానికి అక్షరాలు రావు. రవికె మీద అద్దం చుట్టూ దారం తిప్పే చెయ్యి. సున్న వంకర పోదు.
"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అన్న. "నువ్వు అడిగినవా?" అన్నది.
ఇన్నాళ్లు ఎవరో తొర్రూరు పెయింటర్ అనుకొని కుళ్లుకున్న. తొర్రూరు దూరం గనక బతికిన. ఇప్పుడు అది నా పక్కనే రొట్టె చేస్తున్నది.
వచ్చే సోమవారం ఇద్దరం వస్తం. కొత్త గుర్తు సక్రి రాస్తది. నిచ్చెన నేను పట్టుకుంట.
రాంజీ
మూలకు దాని పేరుండాలట. రాసుడు రాదు గనక అది నేనే రాయాలె. ఎంత చిన్నగ రాయొచ్చో జర చెప్పు.