రేపటి వాక్యం

సంఘపెద్ద ఆశీర్వాదం మావయ్యగారికి ప్రభువు పేరట వందనాలు.

ఫోన్లో మాట్లాడితే ఇంట్లో వినపడుతుందని రాసి పంపుతున్నాను. రేపు దేవుని వాక్యం చెప్పే వంతు నాకు ఇప్పించండి. పాస్టరు లేని మన ప్రార్థన కూడికలో వంతులవారీగా చెప్పుకుంటాం. ఒకరి వాక్యానికి ఇంకొకరు ఎదురు చెప్పకూడదని, ఏదైనా ఉంటే తమ వంతులో చెప్పుకోవాలని పద్ధతి పెట్టింది మీరే. నా వంతు క్రిస్మస్ దాటితే గానీ రాదు. మా అత్తయ్య అంతవరకు ఆగలేరు.

పోయిన ఆదివారం మా ఆయన విశ్వాసం మీద చెప్తూ, నిజంగా నమ్మినవాడికి మందుతో పనేముంది అన్నారు కదా. ఆ సాయంత్రమే అత్తయ్య ఫ్రిజ్‌లో ఇన్సులిన్ తీసి చెత్తబుట్టలో వేశారు. ఇప్పుడు కాలి పుండు నల్లబడింది. పిలిస్తే ఆగి ఆగి పలుకుతున్నారు. ఆసుపత్రికి పోదామంటే, "నా కొడుకు నోట దేవుడే సెప్పాడు, నాను రాను" అంటారు.

ఆయన్ని నిలదీశాను. "ఇంజెక్షన్ మానీమని నాను సెప్పలేదు కదా" అన్నారు. ఆ మాటే అమ్మతో అనండి అంటే, "అందరూ ఆమెన్ అనీసాక ఎలా ఎనక్కి తీసుకోమంటావు?" అని ప్లాంటుకి డ్యూటీకి వెళ్లిపోయారు.

రేపు కూడిక మా క్వార్టర్లోనే. మీరు వంతు ఇవ్వకపోయినా లేచి నిలబడతాను. ఇన్సులిన్ కూడా దేవుడిచ్చిందే అని ఒక్క మాట చెప్తాను. నా మాట అత్తయ్య వినరు, మీ ఆమెన్ వింటారు.

పోయిన ఆదివారం మొదటి ఆమెన్ మీదే, మావయ్యగారూ.