కదురు బిళ్ళలోని పోగు

శనివారం

ఈ రోజు వాదనలో నేనే నెగ్గాను. నెగ్గి ఏం దక్కించుకున్నానో మాత్రం రాయలేకపోతున్నాను.

లత పేటలోని మావయ్య కొట్టుకు కో టున్ వచ్చాడు. లోహాన్ని పసిగట్టే యంత్రంతో పాత పట్టణాల దిబ్బలపై తిరిగే మనిషి అతడు. తెచ్చిన వెండి నాణేల మధ్య ఒక సీసపు బిళ్ళ ఉంది. నూలు వడికే కదురుకు బరువు కోసం తొడిగేది, వెయ్యేళ్ళ నాటిదైనా కావచ్చు. దాని రంధ్రంలో నల్లబడిన పోగు ఒకటి ఇంకా ఇరుక్కునే ఉంది.

"పూసల దండలో గుచ్చేస్తాను" అన్నాడు కో టున్. ఆ పోగును పరీక్షిస్తే అది ఏ కాలపు నూలో తెలుస్తుందని అరగంట వాదించాను.

"నీ నోటికో దండం, డిబేట్ పిల్లా! పట్టుకెళ్ళి మీ కాలేజీకే ఇచ్చుకో."

దిబ్బ పేరు కూడా చెబుతానన్నాడు. కాగితం కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి బల్లపై బిళ్ళ లేదు.

మట్టిలో దొరికినది ఏ సమాధిలోదో అన్న అనుమానంతో, పసుపునీళ్ళతో కడగనిదే అత్త దేనినీ ఇంట్లోకి రానివ్వదు. కుళాయి దగ్గర తలపిన్నుతో నిలబడి ఉంది.

"ఏటే అలా సూత్తన్నావు? బొక్కలో ఏటో దారం కుళ్ళిపోయుంటే తీసీసాను. నీ చేతికి మైల అంటకూడదు కదమ్మా."

తూము జాలీపై వేళ్ళతో వెతికాను. ఏమీ లేదు. అత్త బిళ్ళను కొంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టి, మెచ్చుకుంటానని నా ముఖంలోకే చూస్తోంది.

"బాగుందత్తా" అన్నాను.