సరళ క్లాసులో నియమం

మంగళవారం, రాత్రి

ఈ రోజు కాలేజీలో బీఏ మూసేశారు. నా భార్య సరళ పోయి ఏడాది కాలేదు. ఆమె రాజనీతిశాస్త్రం చెప్పిన గది కంప్యూటర్ ల్యాబ్ అవుతుంది.

స్టాఫ్ మీటింగు నడిపింది కరస్పాండెంట్ శ్రీకాంత్, ఆమె శిష్యుడే. ఆమె క్లాసులో ఒక నియమం ఉండేది. ఎదుటివాడి వాదనను అతనే తల ఊపేంత బాగా చెప్పాక గాని కాదనకూడదు. శ్రీకాంత్ అది మరచిపోలేదు. నేను లేవబోతుంటే చేత్తో ఆపాడు.

“కూసోన్రి సార్. మీ మాట నేనే చెప్త, తప్పుంటే దిద్దున్రి. పిల్లలకు కొలువొక్కటే నేర్పితే, ఓటెయ్యాల్నంటే ఇంకోని మొహం చూస్తరు. అడగడం రానోళ్ళకు ప్రజాస్వామ్యమున్నా ఒకటే, లేకున్నా ఒకటే. గింతే కదా?”

నేను అంత బాగా చెప్పగలిగేవాణ్ణి కాదు. తల ఊపాను.

“మరి మన పిల్లలు కొలువుకు పోయే ట్రాక్టర్ ఫ్యాక్టరీల, ప్రశ్నలడిగేటోళ్ళు కావాలని గేటుకు బోర్డు పెట్టిన్రా సార్?” అందరూ నవ్వారు. “మూసేద్దామన్నోళ్ళు చేతులెత్తున్రి.”

నా చెయ్యి తప్ప అన్నీ లేచాయి. బీఏకి చెప్పే ఇద్దరూ ఎత్తారు. వాళ్ళకు ఆఫీసులో పని ఇస్తారట.

వచ్చేటప్పుడు గోడ మీది సరళ ఫోటో తీయించి నా చేతికిచ్చాడు. “గక్కడ ఏసీ వస్తది సార్, జాగ లేదు.”

ఫోటో ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. వాణ్ణి తిట్టుకోవాలని చూశాను. నియమం ప్రకారం మాత్రం వాడికి పూర్తి మార్కులు వెయ్యాలి.

సరళ వేసేది.